లా స్కూల్‌కి వెళ్లాలనుకునే పిల్లలకు డిగ్రీ ఎక్కడ: ప్రైవేటా, ఇన్‌స్టేట్ పబ్లిక్ యూనివర్సిటీయా?

మార్చి నెలాఖరుకి అడ్మిషన్ల ఫలితాలు దాదాపు అన్నీ వచ్చేస్తాయి. మే 1 లోపు ఏదో ఒక చోట డిపాజిట్ కట్టాలి. ఆ మధ్య నెల రోజులు అమెరికాలోని తెలుగు ఇళ్లలో ఎంత టెన్షన్‌గా గడుస్తాయో అందరికీ తెలిసిందే. పిల్లలు కంప్యూటర్ సైన్స్ అంటే సలహా చెప్పేవాళ్లు వీధికి నలుగురు దొరుకుతారు. మెడిసిన్ అన్నా అంతే. "నేను లాయర్ అవుతా" అంటే మాత్రం ఎవర్ని అడగాలో తోచదు. ఒక పక్క ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాసో, యూనివర్సిటీ ఆఫ్ జార్జియానో, రట్గర్సో ఇన్‌స్టేట్ ఫీజుతో (సొంత రాష్ట్రం పిల్లలకి ఇచ్చే తక్కువ ఫీజు) సీటు ఇచ్చి ఉంటుంది. ఇంకో పక్క వాండర్‌బిల్టో, ఎమరీయో, ఎన్‌వైయూనో పేరుతోనే ఊరిస్తూ ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్ల లేదా పిల్లాడు లా స్కూల్‌కి వెళ్లడం దాదాపు ఖాయమైతే, చాలా కుటుంబాలకు ఇన్‌స్టేట్ పబ్లిక్ యూనివర్సిటీయే మంచిది. ప్రైవేట్ కాలేజీ తీసుకోవాల్సిన సందర్భాలూ ఉన్నాయి. కాకపోతే అవి కాలేజీ బ్రోషర్లలో కనిపించే కారణాలు కావు.

లా స్కూల్ దేన్ని చూస్తుంది

మన దగ్గర ఇంటర్ అయ్యాక క్లాట్ రాసి నేరుగా ఐదేళ్ల లా కోర్సులో చేరిపోవచ్చు. అమెరికాలో అలా కాదు. ముందు ఏదో ఒక డిగ్రీ పూర్తి చేయాలి, ఆ తర్వాత మూడేళ్ల జేడీ అనే లా డిగ్రీ. ఫలానా మేజరే చదవాలన్న నిబంధన లేదు. అమెరికన్ బార్ అసోసియేషన్ కూడా ఏ మేజర్‌నీ ప్రత్యేకంగా సిఫారసు చేయదు. 'ప్రీ-లా' అంటే చాలా చోట్ల మేజర్ కాదు, సలహాలిచ్చే ఒక ఆఫీసు మాత్రమే.

అడ్మిషన్‌లో అన్నిటికన్నా బరువుగా తూగేవి రెండు అంకెలు: 120 నుంచి 180 మధ్య వచ్చే ఎల్‌శాట్ (లా స్కూల్ ప్రవేశ పరీక్ష) స్కోరు, డిగ్రీ జీపీఏ. తాము చేర్చుకున్న విద్యార్థుల ఎల్‌శాట్, జీపీఏ మీడియన్లను (సరిగ్గా మధ్యన పడే అంకెలను) లా స్కూళ్లు ఏటా బయటపెట్టాలి. ర్యాంకింగుల్లోనూ వాటికి లెక్క ఉంది. కాబట్టి మీడియన్ తగ్గకుండా ప్రతి స్కూలూ కాపాడుకుంటుంది. 'టాప్ 14' అని పిలిచే స్కూళ్లలో ఎల్‌శాట్ మీడియన్ 170 పైనే ఉంటోంది. జీపీఏ మీడియన్ 3.9 చుట్టూ తిరుగుతోంది.

ఎల్‌శాట్‌కి ఎక్కడ చదివామన్నదానితో పని లేదు. 2024 ఆగస్టు నుంచి అందులో లాజిక్ గేమ్స్ కూడా తీసేశారు. ఇప్పుడు మిగిలింది లాజికల్ రీజనింగ్, చదివి అర్థం చేసుకోవడం. దానికి ఏడాదికి 90 వేల డాలర్ల క్యాంపస్ అక్కర్లేదు, ఇంట్లో కూర్చుని కొన్ని నెలలు ప్రాక్టీస్ చేస్తే చాలు. అంటే కాలేజీని బట్టి మారేది రెండో అంకె ఒక్కటే. కాబట్టి పోల్చుకునేటప్పుడు ఈ వరుసలో చూడమంటాను: నాలుగేళ్లకు మీ జేబులోంచి పోయే మొత్తం, అక్కడ జీపీఏ ఎంత నిలబడుతుందన్నది, మంచి సిఫారసు లేఖ రాసేంత దగ్గరగా ప్రొఫెసర్ తెలిసే వీలు, లా మీద మనసు మారితే మిగిలే దారులు. పేరు ఆ తర్వాతే.

డబ్బు: ఏడేళ్ల లెక్క వేయాలి

చాలామంది నాలుగేళ్ల ఖర్చే చూస్తారు. లా స్కూల్ అనుకున్నప్పుడు ఏడేళ్లదీ కలిపి చూడాలి.

ఇన్‌స్టేట్ పబ్లిక్‌లో ట్యూషన్, హాస్టల్, తిండి అన్నీ కలిపి ఏడాదికి సుమారు 30 వేల డాలర్లు అనుకుందాం. నాలుగేళ్లకు 1,20,000. పేరున్న ప్రైవేట్‌లో పూర్తి ఖర్చు 90 వేలు దాటుతోంది, అంటే నాలుగేళ్లకు 3,60,000. తేడా 2,40,000 డాలర్లు. హార్వర్డ్, కొలంబియా లాంటి లా స్కూల్లో అన్నీ కలిపి ఏడాదికి 1,10,000 పైనే అవుతుంది. ఆ తేడా డబ్బుతో అక్కడ రెండేళ్లు చదివేయొచ్చు. 529 ఖాతాలో (చదువు కోసం పన్ను లేకుండా దాచుకునే ఖాతా) మిగిలిన డబ్బును లా స్కూల్‌కీ వాడుకోవచ్చు కాబట్టి డిగ్రీలో ఆదా చేసింది ఎక్కడికీ పోదు.

ఇప్పుడు ఇది ఇదివరకటి కన్నా ముఖ్యం. మొన్నటిదాకా లా విద్యార్థులు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్‌తో మొత్తం ఖర్చంతా అప్పు తెచ్చుకునేవారు. 2025 జులై 4న సంతకమైన చట్టంతో, 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకి ఆ లోన్ లేదు. లా విద్యార్థికి ఫెడరల్ అప్పు ఏడాదికి 50,000, మొత్తం మీద 2,00,000 డాలర్లకు మించదు. డిగ్రీ అప్పులు కూడా కలుపుకుంటే జీవితకాల పరిమితి 2,57,500. తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ లోన్‌కి కూడా ఒక్కో బిడ్డకి ఏడాదికి 20,000, మొత్తం 65,000 అని హద్దు పెట్టారు.

1,10,000 ఖర్చులో 50,000 ఫెడరల్ లోన్ పోతే మిగతా 60,000 ఎక్కడిది? స్కాలర్‌షిప్ రాకపోతే బ్యాంకుల ప్రైవేట్ లోన్ ఒక్కటే దారి. ఇరవై రెండేళ్ల పిల్లకి క్రెడిట్ హిస్టరీ ఏముంటుంది, కో-సైనర్‌గా సంతకం పెట్టాల్సింది అమ్మా నాన్నే. డిగ్రీకే ఇంటి మీద రెండో లోన్ తీసి ఖాళీ అయిపోయి ఉంటే, అసలు అవసరం వచ్చే సమయానికి చేతిలో ఏమీ మిగలదు.

"లాయర్ అయితే సంపాదించేస్తుందిలే" అనేవాళ్లకి ఒక మాట. పెద్ద కార్పొరేట్ లా ఫర్మ్‌లలో మొదటి ఏడాది జీతం 2,25,000 డాలర్లు, నిజమే. కానీ ఆ ఉద్యోగాలు అందరికీ రావు. పబ్లిక్ డిఫెండర్‌గానో (పేద నిందితుల తరఫున వాదించే ప్రభుత్వ లాయర్), చిన్న ఊళ్లో ప్రాక్టీస్‌లోనో మొదలుపెట్టేవాళ్ల జీతం అందులో మూడో వంతు ఉండొచ్చు. లాయర్ల తొలి జీతాలు రెండు గుంపులుగా ఉంటాయి, మధ్యలో పెద్దగా ఎవరూ ఉండరు.

ఇక ఎయిడ్, అంటే కుటుంబ ఆదాయాన్ని బట్టి కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయం సంగతి. ప్రైవేట్ కాలేజీ వెబ్‌సైట్‌లోని ఫీజు చూసి భయపడి ఆగిపోకండి. హార్వర్డ్ 2025-26 నుంచి ఏడాదికి 2,00,000 డాలర్లు, అంతకంటే తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు ట్యూషన్ తీసేసింది. ఒక్కరే ఉద్యోగం చేసే ఇంట్లో ఇలాంటి సీటు వస్తే ఇన్‌స్టేట్ కన్నా ప్రైవేటే చవక పడొచ్చు. ఇబ్బందల్లా ఇద్దరూ ఐటీలో ఉన్న ఇళ్లకే. ఎయిడ్ రాదు, ఏడాదికి 90 వేలు కట్టే స్తోమతా ఉండదు. మన తెలుగువాళ్లలో ఎక్కువమంది సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంటారు. వీళ్లకి ప్రైవేట్‌లో దిక్కు మెరిట్ స్కాలర్‌షిప్ ఒక్కటే. ఐవీ లీగ్ కాలేజీలు అది అసలు ఇవ్వవు. వాండర్‌బిల్ట్, ఎమరీ, యూఎస్‌సీ లాంటివి ఇస్తాయి, కానీ కొద్దిమందికే.

పబ్లిక్ వైపు రాష్ట్రాన్ని బట్టి అదృష్టం. జార్జియాలో జెల్ మిల్లర్, ఫ్లోరిడాలో బ్రైట్ ఫ్యూచర్స్ పై స్థాయి స్కాలర్‌షిప్ వస్తే పబ్లిక్ యూనివర్సిటీలో ట్యూషన్ భారం దాదాపు ఉండదు. న్యూజెర్సీలో ఇన్‌స్టేట్ ఫీజు కూడా అంత చవకేమీ కాదు.

జీపీఏ: అసలు పోరు ఇక్కడే

లా స్కూళ్లకి వెళ్లే జీపీఏ కాలేజీ ఇచ్చేది కాదు. ఎల్‌శాక్ అనే సంస్థ ట్రాన్‌స్క్రిప్టులన్నీ తెప్పించుకుని తన పద్ధతిలో మళ్లీ లెక్క కడుతుంది. ఏ ప్లస్‌కి 4.33, ఏ కి 4.0, ఏ మైనస్‌కి 3.67. ఏ ప్లస్ ఇచ్చే కాలేజీ పిల్లలకి ఇది లాభం, ఆ గ్రేడే లేని కాలేజీ పిల్లలకి 4.0 దగ్గరే ఆగిపోతుంది. సగం సబ్జెక్టుల్లో ఏ, సగంలో ఏ మైనస్ వస్తే మన కంటికి బ్రహ్మాండమైన మార్కులే. ఎల్‌శాక్ లెక్కలో అది 3.84, టాప్ స్కూళ్ల మీడియన్ కన్నా తక్కువ.

ఇంకో సంగతి హైస్కూల్ పిల్లల తల్లిదండ్రులకి ఎవరూ చెప్పరు. ఫ్రిస్కోలోనో ప్లానోలోనో చదివే అమ్మాయి పదకొండో తరగతిలో డ్యూయల్ క్రెడిట్ (హైస్కూల్‌కీ కాలేజీకీ రెండింటికీ లెక్కయ్యే క్లాసు) కింద కమ్యూనిటీ కాలేజీలో హిస్టరీ క్లాసు తీసుకుంటుంది. బీ వస్తుంది. "కాలేజీ క్రెడిట్ వచ్చింది కదా" అని అందరూ సంతోషిస్తారు. ఐదేళ్ల తర్వాత లా స్కూల్‌కి అప్లై చేసేటప్పుడు ఆ బీ కూడా జీపీఏలోకి వచ్చి కూర్చుంటుంది. మొదటి డిగ్రీ చేతికి రాకముందు తీసుకున్న ప్రతి కాలేజీ కోర్సూ లెక్కే. ఏపీ (హైస్కూల్లో రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల క్రెడిట్‌కి మాత్రం గ్రేడ్ ఉండదు కాబట్టి దానివల్ల నష్టం లేదు.

మరి జీపీఏ ఎక్కడ నిలబడుతుంది? ఇక్కడ ప్రైవేట్ కాలేజీలకి నిజమైన మొగ్గు ఉంది, ఒప్పుకోవాలి. యేల్‌లో 2022-23లో ఇచ్చిన గ్రేడ్లలో దాదాపు 79 శాతం ఏ లేదా ఏ మైనస్. హార్వర్డ్‌లో ఇచ్చే గ్రేడ్లలో 60 శాతం దాకా 'ఏ' గ్రేడులే అని ఆ యూనివర్సిటీ నివేదికే 2025లో చెప్పింది. పెద్ద పబ్లిక్ యూనివర్సిటీల్లో మొదటి ఏడాది ఎకనామిక్స్, కెమిస్ట్రీ లాంటి మూడొందల మంది క్లాసుల్లో గ్రేడింగ్ అంత ఉదారంగా ఉండదు.

అయితే లా స్కూల్‌కి వెళ్లే పిల్లలు కెమిస్ట్రీ తీసుకోవాల్సిన పనేమీ లేదు. హిస్టరీ, ఫిలాసఫీ, పొలిటికల్ సైన్స్, ఇంగ్లిష్ క్లాసుల్లో, కష్టపడి రాసే అలవాటుంటే పబ్లిక్‌లోనూ 3.9 అందని ద్రాక్ష కాదు. పైగా అడ్మిట్ వచ్చిన ప్రైవేట్‌లో మీ పిల్ల మధ్యస్థంగా ఉండి, స్టేట్ యూనివర్సిటీలో ముందు వరుసలో ఉంటుందనుకుంటే ఆ ధీమా గ్రేడ్లలో కనిపిస్తుంది. ఏ కాలేజీలో 3.8 తెచ్చుకోవడం ఎంత కష్టమో లా స్కూళ్లకి కొంత తెలుసు, ఎల్‌శాక్ పంపే రిపోర్టులో ఆ కాలేజీ విద్యార్థుల పోలికా ఉంటుంది. కానీ మీడియన్ లెక్కలోకి వెళ్లేది మాత్రం ఉత్త అంకె.

మన ఇళ్లలో తరచూ వినిపించే మధ్యేమార్గం ఒకటుంది: "ముందు కంప్యూటర్ సైన్స్ చెయ్యి, తర్వాత లా చూద్దాం." పేటెంట్ లా మీద ఇష్టముంటే ఇది మంచి మాటే. పేటెంట్ ఆఫీసు పరీక్షకి సైన్స్ లేదా ఇంజినీరింగ్ చదువు ఉండాలి. ఆ ఇష్టం లేకుండా అమ్మానాన్నల ధైర్యం కోసం చేసి 3.4 తెచ్చుకుంటే రెంటికీ చెడ్డ రేవడే.

పేరు, పరిచయాలు, ప్రొఫెసర్లు

సుప్రీంకోర్టులో ఇప్పుడున్న తొమ్మిది మంది జడ్జీలూ డిగ్రీ చదివింది ప్రైవేట్ కాలేజీల్లోనే. ప్రైవేట్ వైపు వాదించేవాళ్లకి ఇంతకన్నా బలమైన ఉదాహరణ దొరకదు. అవతలి వైపు, హార్వర్డ్ లా స్కూల్లో ఏటా చేరే ఐదొందల పైచిలుకు మంది నూరుకు పైగా కాలేజీల నుంచి వస్తారు. మన తెలుగువాళ్లలోనే చూడండి. ఉషా చిలుకూరి వాన్స్ డిగ్రీ, లా రెండూ యేల్‌లోనే చేశారు. 2024లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జిగా నియమితులైన జయ బాడిగ ఉస్మానియాలో డిగ్రీ చదివి, శాంటా క్లారా యూనివర్సిటీలో లా చేశారు. ఇలాంటి ఒకరిద్దరి దారుల్ని బట్టి ఏదీ తేల్చలేం. ఉద్యోగం ఇచ్చే లా ఫర్మ్ మాత్రం చూసేది లా స్కూల్ పేరు, అక్కడి మొదటి ఏడాది గ్రేడ్లు.

డిగ్రీ కాలేజీ పేరు పనికొచ్చే చోటు ఒకటుంది. ఈ రోజుల్లో పెద్ద లా స్కూళ్లలో చేరేవాళ్లలో ఎక్కువమంది డిగ్రీ అయ్యాక ఒకటి రెండేళ్లు పనిచేసి వస్తున్నారు. ఆ తొలి ఉద్యోగం కన్సల్టింగ్‌లోనో న్యూయార్క్ ఫైనాన్స్‌లోనో కావాలంటే ప్రైవేట్ క్యాంపస్‌లకి వెతుక్కుంటూ వచ్చే కంపెనీలు ఎక్కువ. లా ఫర్మ్‌లో పారాలీగల్‌గానో (లాయర్లకు సహాయకుడిగా), ప్రభుత్వ ఆఫీసులోనో అయితే తేడా పెద్దగా ఉండదు.

సిఫారసు లేఖల విషయంలో చిన్న క్లాసులున్న ప్రైవేట్‌దే పైచేయి. పదిహేను మంది సెమినార్‌లో పేపర్ మీద పేపర్ దిద్దిన ప్రొఫెసర్ రాసే ఉత్తరం వేరు, మూడొందల మంది హాల్లో "ఈ విద్యార్థికి ఏ వచ్చింది" అని రాసే ఉత్తరం వేరు. దీనికి పబ్లిక్‌లో మందు ఆనర్స్ ప్రోగ్రామ్, అంటే ఎంపిక చేసిన విద్యార్థులకి చిన్న క్లాసులు. ఆస్టిన్‌లో ప్లాన్ టూ, జార్జియాలో మోర్‌హెడ్ ఆనర్స్ కాలేజ్, రట్గర్స్‌లో ఆనర్స్ కాలేజ్ ఉన్నాయి. వాటిలో సీటు వస్తే ప్రైవేట్‌కీ పబ్లిక్‌కీ ఉన్న దూరం చాలావరకు తగ్గిపోతుంది. ఆనర్స్ సీటు ఉన్న స్టేట్ యూనివర్సిటీని కాదని పూర్తి ఫీజుతో ప్రైవేట్‌కి పంపడం నాకైతే అర్థం కాని పని.

ఊరు కూడా చూడండి. ఆస్టిన్ క్యాంపస్ నుంచి టెక్సాస్ క్యాపిటల్‌కి నడిచి వెళ్లొచ్చు. బేసి సంవత్సరాల్లో 140 రోజులు శాసనసభ నడుస్తుంది, ఆ సమయంలో ఇంటర్న్‌లుగా పనిచేసే విద్యార్థులు బిల్లు ఎలా తయారవుతుందో కళ్లారా చూస్తారు. డిబేట్ పిచ్చి ఉన్న పిల్లలకి ఎమరీలోని డిబేట్ బృందం బార్క్‌లీ ఫోరం పేరు తెలిసే ఉంటుంది. మాక్ ట్రయల్‌లో (కోర్టు విచారణను అనుకరించే పోటీ) యూసీఎల్ఏ, యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియా లాంటి పబ్లిక్ యూనివర్సిటీలు కూడా జాతీయ స్థాయిలో గెలిచాయి.

హెచ్-4 మీద ఉన్న పిల్లలకి లెక్క వేరు

పైన చెప్పిన ఫెడరల్ లోన్లు సిటిజన్లకి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్నవాళ్లకి డిగ్రీలోనూ రావు, లా స్కూల్లోనూ రావు. జార్జియా జెల్ మిల్లర్ లాంటివీ రావు. టెక్సాస్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో హెచ్-4 మీద కూడా ఇన్‌స్టేట్ ఫీజు ఇస్తారు. కానీ గ్రీన్‌కార్డు రాకుండానే ఇరవై ఒకటి నిండితే, అంటే సరిగ్గా మూడో నాలుగో ఏడాదిలో, ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారాల్సి వస్తుంది. అప్పుడు ఇన్‌స్టేట్ హోదా ఉంటుందా పోతుందా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. డిపాజిట్ కట్టకముందే యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. తానాలోనో ఆటాలోనో ఎవరో చెప్పారని నమ్మి ఊరుకోవద్దు. వీసాతో సంబంధం లేకుండా అవసరాన్ని బట్టి ఎయిడ్ ఇచ్చే హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ లాంటి చోట సీటు వస్తే ఈ పిల్లలకి ప్రైవేటే భద్రమైన దారి.

పక్కపక్కన పెట్టి చూస్తే

| విషయం | ఇన్‌స్టేట్ పబ్లిక్ | ప్రైవేట్, పూర్తి ఫీజు | ప్రైవేట్, పెద్ద స్కాలర్‌షిప్ లేదా ఎయిడ్ |
|---|---|---|---|
| నాలుగేళ్ల ఖర్చు | సుమారు 1,20,000 డాలర్లు | 3,60,000 పైన | ఆఫర్‌ని బట్టి |
| లా స్కూల్‌కి మిగిలేది | ఎక్కువ | దాదాపు సున్నా | చూసుకోవాలి |
| గ్రేడింగ్ | కఠినం, మేజర్ ఎంపికతో సర్దుకోవచ్చు | ఉదారం, తోటివాళ్లు గట్టివాళ్లు | అదే |
| ప్రొఫెసర్లతో పరిచయం | ఆనర్స్ ఉంటే బాగు, లేకపోతే వెంటపడాలి | సులువు | సులువు |
| లా ఆలోచన మారితే | రాష్ట్రంలో ఉద్యోగాలకి బలం | దేశమంతా పేరు, కానీ అప్పు వెంటాడుతుంది | అన్నిటికన్నా మేలు |

ఎవరికి ఏది

నాలుగేళ్ల తేడా 40 వేల డాలర్ల లోపు ఉండి, పిల్లకి ఆ ప్రైవేట్ కాలేజీ మనసుకి నచ్చితే పంపండి. పెద్ద క్లాసుల్లో మాట్లాడటానికి జంకే పిల్లలకి చిన్న కాలేజీ నిజంగానే మేలు చేస్తుంది. తేడా లక్ష దాటితే, అది అప్పుగా రావాల్సిందైతే, యేల్, ప్రిన్స్‌టన్ స్థాయి పేరైనా నేను వద్దనే అంటాను. ఇంట్లో ఆ డబ్బు రొక్కంగా ఉండి, రెండో బిడ్డ చదువుకి, రిటైర్మెంట్‌కి ఇబ్బంది లేదనుకుంటే అది వేరే సంగతి. వాళ్లకి ఈ వ్యాసం అవసరం లేదు.

లా మీద ఇంకా తేల్చుకోని పిల్లలకి ఈ లెక్కంతా పెట్టకండి. పదిహేడేళ్లకి లాయర్ అన్నవాళ్లలో చాలామంది రెండో ఏడాదికి మాట మారుస్తారు. అలాంటప్పుడు వాళ్లకి ఆసక్తి ఉన్న రెండో దారి ఏ కాలేజీలో బాగుందో అది చూడండి. దీనికి తిరగేసిన రకం, ఎనిమిదో తరగతి నుంచీ లాయరే అంటున్న పిల్లలు, 3+3 ప్రోగ్రాములు చూడొచ్చు. రట్గర్స్‌లో, ఫోర్డమ్‌లో డిగ్రీ, జేడీ కలిపి ఆరేళ్లలో అవుతాయి. ఒక ఏడాది ఫీజు మిగులుతుంది. కాకపోతే అదే యూనివర్సిటీ లా స్కూల్‌కి కట్టుబడాలి.

డిపాజిట్ కట్టే ముందు రెండు కాలేజీల ప్రీ-లా ఆఫీసులకీ ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: నిరుడు మీ దగ్గర నుంచి లా స్కూళ్లకి ఎంతమంది అప్లై చేశారు, సీటు వచ్చినవాళ్ల జీపీఏ, ఎల్‌శాట్ ఎంత? అంకెలు చెప్పే ఆఫీసు పిల్లల్ని పట్టించుకుంటోందని అర్థం. "మా వాళ్లు హార్వర్డ్‌కి కూడా వెళ్లారు" అని ఒక్క పేరు చెప్పి ఊరుకుంటే దాన్ని పెద్దగా పట్టించుకోకండి. ప్రైవేట్ ఆఫర్ కొద్దిలో తప్పిపోతుంటే, మిగతా చోట్ల వచ్చిన ఆఫర్ లెటర్లు జతచేసి ఎయిడ్ ఆఫీసుకి అప్పీల్ పెట్టండి. ఉద్యోగం పోవడం, ఇండియాలో పెద్దవాళ్ల వైద్యం ఖర్చు లాంటివి ఉంటే కాగితాలతో సహా రాయండి. ఏప్రిల్ ఆఖరి వారం దాకా ఆగితే జవాబు వచ్చేలోపే గడువు దాటిపోతుంది.